కంచు, రాగి క్లే నగ ఎక్కడ చెడింది? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళంలో కంచు అనగానే బుడితి ఊరి సామానే గుర్తొస్తుంది. పళ్లేలకు, గంటలకు వాడే కంచులో తగరం సుమారు 22 శాతం. మెటల్ క్లే కంచులో సాధారణంగా 10-11 శాతమే, అందుకే దాని వేడి లెక్క వేరు. క్లే అంటే సన్నని లోహపు పొడి, జిగురు, నీరు. బట్టీలో మొదటి దశలో జిగురు పూర్తిగా కాలాలి, తర్వాత రెండో దశలో, బొగ్గు నింపిన స్టీలు డబ్బాలో, రేణువులు ఒకదానికొకటి అతుక్కోవాలి. నగ చెడిందంటే చాలాసార్లు ఈ రెండు పనుల్లో ఒకటి సగంలో ఆగిపోయిందని అర్థం.

సమస్య: వంచితే విరిగింది, లోపల పొడి
విరిగిన చోటును చూడండి. లోపల నల్లగా ఉంటే జిగురు మిగిలింది. మందం 3 మి.మీ. దాటితే ఇది తరచూ జరుగుతుంది. మొదటి దశలో బొగ్గు లేకుండా, స్టీలు జల్లెడ మీద 290-300 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. ఇంకా వేడి పెంచితే రాగి మీద మందంగా ఆక్సైడ్ కట్టి బీటలు తీస్తుంది. నల్లటి గర్భం ఉన్న నగను మళ్లీ కాల్చినా నమ్మలేం.
లోపల గోధుమ రంగులో, ఇటుక పొడిలా ఉంటే మాత్రం వేడి చాలలేదు. అదే నగను మళ్లీ బొగ్గులో పెట్టి 20 డిగ్రీలు పెంచి, రెండు గంటలు నిలపండి. దీన్ని బాగుచేయొచ్చు.

ఇక్కడ కరెంటు సంగతీ చూడాలి. బట్టీ తీగ శక్తి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి తగ్గుతుంది. 230 ఉండాల్సింది 200కి పడితే శక్తి 76 శాతమే. సాయంత్రం లోడు ఎక్కువ వేళ మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే తలుపు, డబ్బా మూత తీయకండి. కరెంటు వచ్చాక నిలిపే సమయాన్ని మొదటి నుంచి లెక్కించండి.

సమస్య: కంచు మీద బొబ్బలు, చెమటలా బిందువులు
వేడి ఎక్కువైంది. తగరం ఎక్కువున్న భాగం ముందు కరుగుతుంది. ఈ నగ తిరిగి రాదు. ఈసారి 15 డిగ్రీలు తగ్గించి ముక్క కాల్చి చూడండి. కంచు క్లేకు 800-840, రాగికి 930-980 డిగ్రీలు మామూలు. ప్యాకెట్ మీది అంకె మాత్రం ముందు. రెంటినీ ఒకే డబ్బాలో రాగి వేడికి కాల్చకండి, కంచు కరిగి కూలిపోతుంది.

సమస్య: రాగి మీద నల్లని పెచ్చులు
గాలి చేరింది. స్టీలు డబ్బాలో కింద 2.5 సెం.మీ. యాక్టివేటెడ్ కార్బన్, నగకూ గోడకూ మధ్య 1.5, పైన మళ్లీ 2.5 సెం.మీ. ఉండాలి. ప్రతిసారీ కొంత కాలి దిగుతుంది కాబట్టి నింపండి. ఉద్దానంలో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు, అయినా ఇంట్లో కాల్చిన చిప్పబొగ్గు దీనికి బదులు కాదు. అది పొగచిమ్మి త్వరగా బూడిదవుతుంది. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, బట్టీ ఎప్పుడూ కిటికీలు తెరిచిన చోటే పెట్టాలి, వంటింట్లో కాదు. డబ్బా పూర్తిగా చల్లారాకే తెరవండి.
పెచ్చులకు అర లీటరు వేడినీళ్లలో 2 టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి 20 నిమిషాలు నానబెట్టండి. అందులో ఇనుప పట్టుకారు ముంచకూడదు, నగ మీద రాగి పూత పడుతుంది. కంచు గులాబీ రంగుకు తిరిగిందంటే ఇదే కారణం. తాజా ద్రావణానికి మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సమానంగా కలిపి కొద్ది నిమిషాలు ముంచితే పోతుంది.

సమస్య: కాల్చకముందే బీటలు
వానాకాలంలో తీరప్రాంతపు తేమకు పైన ఆరి లోపల తడి నిలుస్తుంది. నగను వెచ్చబెట్టి చల్లని స్టీలు పళ్లెం మీద 10 సెకన్లు పెట్టి తీయండి. ఆవిరి మచ్చ పడితే ఇంకా ఆరలేదు. చిన్న బీటను అదే క్లే పేస్టుతో కాస్త ఉబ్బెత్తుగా నింపండి, ఎందుకంటే అది కూడా కుంచించుకుంటుంది.

సమస్య: ఉంగరం వేలికి పట్టలేదు
క్లే ఎంత కుంచించుకుంటుందో బ్రాండును బట్టి మారుతుంది. 50 మి.మీ. పట్టీ కాల్చి కొలవండి. 42 మిగిలితే, కావలసిన చుట్టుకొలతను 50తో గుణించి 42తో భాగించండి. ఆ పట్టీ మందమూ ఉంగరానికి అనుకున్నంతే ఉండాలి.