సిజేరియన్‌లో పై చర్మం కుట్టు ఎలా వేయాలి? హౌస్ సర్జన్లకి, పీజీలకి

బిడ్డ బయటికొచ్చి, గర్భసంచి కుట్టేశాక థియేటర్‌లో అందరికీ తొందరే. చర్మం దాకా వచ్చేసరికి "నువ్వు వేసేయ్" అని జూనియర్‌కి వదిలేస్తారు. ఆ తల్లి జీవితాంతం చూసుకునేది మాత్రం ఆ ఒక్క గీతనే.

షీత్ (కండరాల మీదుండే గట్టి పొర) కుట్టాక కొవ్వులో రక్తం కారే చోట్లన్నీ కాటరీతో (కరెంటు వేడితో) ఆపండి. కొవ్వు మందం 2 సెంటీమీటర్లు దాటితే వైక్రిల్ అనే కరిగిపోయే దారంతో దగ్గరికి తీసుకోండి, లేదంటే లోపల నీరు చేరుద్ది. చర్మానికి 3-0 సైజు మోనోక్రిల్ (ఇదీ కరిగిపోయే దారమే), కర్వ్డ్ కటింగ్ నీడిల్ (వంపు సూది). స్ట్రెయిట్ నీడిల్ వద్దు, వేలికి గుచ్చుకుంటది. స్టేప్లర్‌తో కొన్ని నిమిషాలు మిగులుతాయి గానీ కోత విచ్చుకునే రిస్క్ ఎక్కువ, ఎథిలాన్‌తో (కరగని నైలాన్ దారం) పైకి కనపడే మ్యాట్రెస్ కుట్లు వేస్తే నిచ్చెన మెట్లలాగా మచ్చ పడుద్ది, పైగా కుట్లు తీయించుకోవడానికి బాలింత మళ్లీ రావాలి. సబ్‌క్యుటిక్యులరే వేయండి, అంటే దారం పైకి కనపడకుండా చర్మం లోపలే నడిచే కుట్టు.

ఎదుటి మూలలో ముడి లోపలికి పోయేలా వేసి, మన వైపుకి కుట్టుకుంటూ రావాలి.

అందరూ పాడుచేసేది ఇక్కడే. చీరకి ఫాల్ కుట్టేటప్పుడు పైకి దారం కనపడనివ్వం కదా, ఇదీ అంతే, సూది డెర్మిస్‌లోనే (చర్మం పై పొర కిందుండే పొర) చర్మానికి సమాంతరంగా పోవాలి. రెండు అంచుల్లోనూ ఒకే లోతు. పై అంచులో పైపైన, కింది అంచులో లోతుగా తీసుకున్నారంటే గీత మెట్టులాగా తయారవుద్ది. వేరే చోట అలా కుట్టించుకుని పదో రోజు నా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయిని చూశా, కింది అంచు లోపలికి మడతపడి, ఆ మడతలో తడి చేరి ఒరిసిపోయింది, కూర్చోవాలన్నా లేవాలన్నా ఏడుపే.

ఒక అంచులో సూది ఎక్కడ బయటికొచ్చిందో, అవతలి అంచులో సరిగ్గా దానికి ఎదురుగా, లేదా ఒక వెంట్రుకవాసి వెనక్కి దింపండి. ముందుకి జరిగితే చర్మం కుచ్చులు పడుద్ది. ఒక్కో కుట్టు అర సెంటీమీటర్ చాలు. ఫోర్సెప్స్‌తో అంచుని నొక్కి పట్టుకోవద్దు, కొంచెం ఎత్తితే సరిపోద్ది, నలిగితే నల్లబడుద్ది. మూడు నాలుగు కుట్లకోసారి దారాన్ని గీత వెంబడే లాగి చూడండి, అంచులు కలవాలి అంతే, బిగుసుకోకూడదు. ఒక్క కుట్టు తేడాగా అనిపించినా అప్పుడే తీసేసి మళ్లీ వేయండి, దారం మొత్తం లాగేశాక ఇంకేం చేయలేం.

చివరి ముడి కూడా లోపలికే. తడి గాజ్ గుడ్డతో అద్ది, ఆరాక డ్రెస్సింగ్ వేయండి, 24 గంటల దాకా కదిలించొద్దు. పసుపు, పౌడర్ ఏదీ రాయొద్దని వాళ్లమ్మకీ అత్తగారికీ వార్డులోనే చెప్పండి, ఎర్రబడినా చీము కారినా జ్వరం వచ్చినా అదే రోజు తీసుకురమ్మనండి.