సంసారం హైదరాబాద్‌కి మారుస్తున్నారా? సామాన్లు కట్టేముందు ఇవి చూసుకోండి

పిల్లకి హైదరాబాద్‌లో కాలేజీ సీటొచ్చింది, ఇంటాయనకి కూడా అక్కడే తెలిసినోళ్ళ ద్వారా పని దొరికింది, ఇంకేటి అందరం వెళ్ళిపోదాం అని మే నెలాఖర్లో అనుకుని జూన్ మొదటి వారంలో సామాన్లు కట్టేసే ఇళ్ళు మా శ్రీకాకుళం వైపు ఏటా చూస్తూనే ఉంటాం. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఎటు చూసినా వీధిలో ఎవరో ఒకరు కూకట్‌పల్లిలోనో మూసాపేటలోనో ఉంటారు, కాబట్టి వెళ్ళడం మనకేం కొత్త కాదు. నేను చెప్పేదల్లా ఒకటే, సంసారం మొత్తం ఒకేసారి ఎత్తేయకండి. ముందు పనిచేసే మనిషీ కాలేజీ పిల్లా వెళ్ళాలి, పిల్ల హాస్టల్లో, ఆయన ఎవరితోనైనా కలిసి రూంలో, రెండు మూడు నెలలు గడవాలి, జీతం చెప్పినంత చెప్పిన రోజుకి పడుతోందా, కాలేజీ పిల్లకి సరిపడిందా, ఇవి తేలాక దసరాకో సంక్రాంతికో మిగతావాళ్ళు. రెండు చోట్ల ఖర్చు కదా అంటారు, అవును అవుతుంది, కానీ అడ్వాన్సు కట్టి సామాన్లు దించి మూడో నెలలో మళ్ళీ బండి మాట్లాడుకుని వెనక్కొచ్చే ఖర్చు ముందు అదేపాటిది.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంట్లో రెండో పిల్లాడి సంగతి. పెద్దదానికి సీటొచ్చిన సంతోషంలో వీణ్ణి ఎవరూ పట్టించుకోరు, అక్కడే ఏదో స్కూల్లో వేసేద్దాం అంటారు. ఇక్కడే లోకల్, నాన్ లోకల్ లెక్క ఉంది. ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే, మన జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తుంది. లోకల్ అని ఎలా చూస్తారంటే ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరసగా చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివారు అని, అలా నాలుగేళ్ళూ ఒకే చోట కాకపోతే చివరి ఏడేళ్ళలో, అంటే ఆరో తరగతి నుంచి, ఎక్కువ ఏళ్ళు ఎక్కడ అని. పిల్లాడు ఆరు నుంచి టెన్త్ దాకా ఇక్కడే చదివి ఇంటర్ మాత్రం హైదరాబాద్‌లో చదివితే ఏడింట్లో అయిదేళ్ళు మనవే, అయినా ఇక్కడ లోకల్‌గానే ఉంటాడని ధీమాగా ఉండకండి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. అదే ఎనిమిది అయిపోగానే తీసుకెళ్ళి తొమ్మిది, పది, ఇంటర్ అక్కడే చదివిస్తే నాలుగేళ్ళూ తెలంగాణ అయిపోయాయి, ఇంక ఇక్కడ లోకల్ కాదు. అది మంచో చెడో ఇంటింటికీ వేరే, శాశ్వతంగా అక్కడే ఉండిపోయేవాళ్ళకి అదే మేలు కూడా కావచ్చు, కానీ తెలియకుండా జరిగిపోకూడదు. రెండేళ్ళు చూసి వచ్చేద్దాం అనుకునేవాళ్ళు పిల్లాణ్ణి టెన్త్ దాకా అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉంచడమే నయం. టెన్త్ దాకా ఎక్కడ చదివాడన్నది రేపు డీఎస్సీ లాంటి ఉద్యోగాలకి వెళ్ళినప్పుడు కూడా అడుగుతారు మరి. మెడిసిన్ రూల్స్ వేరేగా ఉంటాయి, ఆ ఆలోచన ఉన్నవాళ్ళు ఆ ఏడాది నోటిఫికేషన్ దగ్గర పెట్టుకుని చదవండి, ఎవరో చెప్పారని వెళ్ళిపోకండి.

దీనికి తగ్గట్టు ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి బడి దగ్గరా స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. హెడ్‌మాస్టర్ ట్రాన్స్‌ఫర్ అయిపోతారు, ప్రైవేట్ స్కూలైతే మూతపడిపోవచ్చు కూడా, అప్పుడు 700 కిలోమీటర్లు పైచిలుకు దూరం నుంచి ఒక కాగితం కోసం రావాలి. టీసీ వేరే రాష్ట్రం బడికి అని చెప్పి తీసుకోండి, కొన్ని స్కూళ్ళు దాని మీద విద్యాశాఖ ఆఫీసరు సంతకం కూడా ఉండాలంటాయి, ఊళ్ళో ఉండగానే అడిగి చేయించుకుంటే పోతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఊళ్ళో సచివాలయంలో పెట్టి తెచ్చుకోండి. పాలకొండ, రాజాం వైపు వాళ్ళు ఇంకో మాట వినండి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి కదా, పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అనీ కొత్తవాటిలో ఇంకోటనీ ఉంటాయి, ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు, అక్కడ క్లర్కుకి తెలీదు, రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయని ఆపేస్తాడు. కొత్త జిల్లా పేరుతో సర్టిఫికెట్లు తాజాగా తీసుకుని పాతవి కూడా వెంట పెట్టుకోండి. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసి పెట్టుకోమని వేరే చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్రంలో కాలేజీకి కూడా వస్తుందిలే అనే లెక్కతో ఫీజు కట్టడానికి ఒప్పుకోకండి, రాదు అనుకునే బడ్జెట్ వేసుకోండి.

ఇంక పెద్దవాళ్ళు. అమ్మకి ఇక్కడ నెలకి 4,000 పింఛను ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇస్తారు, తీసుకెళ్ళిపోతే ఏటవుద్ది అని అడుగుతారు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా తర్వాత కలిపి ఇస్తారు గానీ వరసగా మూడు నెలలు మనిషి లేకపోతే వలసెళ్ళిపోయారని ఆపేస్తారు, మళ్ళీ తిరిగి పెట్టించుకోవడం ఎంత పనో అందరికీ తెలిసిందే. కాబట్టి రాకపోకల లెక్క ముందే వేసుకోండి. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అది హైదరాబాద్‌లో అన్ని ఆస్పత్రుల్లో చెల్లదు, ఏ ఆస్పత్రిలో ఏ జబ్బుకి చెల్లుతుందో ఇక్కడ నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఉండే వైద్యమిత్రని అడిగి వెళ్ళండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్ళకి ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంటే, పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్లో మొదలయ్యాక అక్కడో దగ్గర్లో ఇంకో సెంటర్లోనో వారానికి ఇన్నిసార్లు అని సాగిపోతూ ఉంటే, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఆస్పత్రులున్నాయి కదా అని బయల్దేరకండి. ఆస్పత్రులున్నాయి, మన స్లాట్ లేదు. ఏ సెంటర్, ఏ రోజులు, ఎవరి డబ్బు, ఇంటి నుంచి ఎంత దూరం, ఇది ఖాయమై చేతిలో తారీకు ఉంటేనే ఆ మనిషిని కదపాలి. కొడుకో కోడలో ముందు వెళ్ళి రిపోర్టులు చూపించి మాట్లాడి రావాలి, ఫోన్లో ఖాళీ ఉందన్న మాట పట్టుకుని రైలెక్కడం కాదు.

రేషన్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఈకేవైసీ పూర్తయి కార్డు కేంద్రం లెక్కలో ఉన్నదైతే వేరే రాష్ట్రంలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు, మన కార్డు ఏ రకమో డీలర్ దగ్గర తెలుసుకోండి. ఆధార్‌లో అడ్రస్ మార్చడానికి తొందరపడకండి, కాలేజీ అడ్మిషన్ పని, ఇక్కడి సర్టిఫికెట్ల పని అయ్యాక చూసుకోవచ్చు, ఫోన్ నంబర్ మాత్రం అస్సలు మార్చకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఊళ్ళో ఇల్లూ పొలం ఎవరి చేతిలో పెడుతున్నారు? తాళం పక్కింటావిడ దగ్గరుంది అంటే సరిపోదు. మనకి అక్టోబర్, నవంబర్ అంటే తుపాన్లు, 2014 హుద్‌హుద్ అక్టోబర్ 12, 2018 తిత్లీ అక్టోబర్ 11, తిత్లీకి ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పడిపోయాయో చూసినవాళ్ళమే. అటువంటప్పుడు మనిషి లేని ఇంటి ఫొటో ఎవరు తీస్తారు, నష్టం రాయడానికి వచ్చినవాళ్ళకి ఎవరు చూపిస్తారు? ఒక మనిషిని అనుకోండి, అతనికి పాస్‌బుక్ జిరాక్సు, సర్వే నంబర్లు ఇవ్వండి, ఇంటి మీదకి వాలిన కొబ్బరి చెట్టుంటే వెళ్ళేముందే కొట్టించేయండి, పెంకులు సర్దించండి, కరెంటు మెయిన్ ఆపేయండి. పొలం కౌలుకిస్తే నోటిమాటతో వదిలేయకండి. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం రాసుకునే పంట నమోదులో, పంట ఎవరి పేరున ఎక్కింది అన్నదాని మీదే తర్వాత పరిహారం, ఇన్సూరెన్సు అన్నీ ఉంటాయి, దానికి పండించే మనిషి వేలిముద్ర కావాలి, మీరు హైదరాబాద్‌లో ఉండి వేయలేరు. కౌలు కార్డుకి సంతకం పెడితే పొలం పోతుందని మనవాళ్ళకి ఒక భయం, అది 11 నెలలకి పంట హక్కు మాత్రమే, భూమి మీద హక్కు కాదు. కౌలు చేసేవాడు నష్టపోతే వచ్చే ఏడు మీ పొలం ఎవరు దున్నుతారో అది కూడా ఆలోచించండి.

అక్కడ ఇల్లు చూసే సంగతికొస్తే, ఫోన్లో ఫొటోలు చూసి అడ్వాన్సు పంపడమే అసలు ప్రమాదం. నేను ఆర్మీలో చేస్తాను, ట్రాన్స్‌ఫర్ మీద ఉన్నాను, ఇల్లు మీకే ఇస్తాను, ముందు ఒక్క రూపాయి పంపండి తిరిగి వేస్తాను అని ఒకడు మాట్లాడతాడు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టండి డబ్బు మీకే వస్తుంది అంటాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టారంటే పోయినట్టే. పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలోపు చేస్తే ఆపే అవకాశం ఉంటుంది. ఇల్లు మనిషి కళ్ళతో చూడాలి, అది కూడా సాయంత్రం పూట చూడాలి, కింద ఇంట్లో వాళ్ళని అడగాలి. మంజీరా, అంటే కొళాయి నీళ్ళు, వస్తుందా బోరేనా, ఏప్రిల్లో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ డబ్బు మెయింటెనెన్సులో కలిసిందా విడిగానా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని అడ్వాన్సులో ఎంత కోస్తారు, ఇవన్నీ ఓనర్‌తో ముందే మాట్లాడి 11 నెలల అగ్రిమెంట్‌లో రాయించండి, నల్లా చూస్తే సిగ్గేం కాదు, తిప్పి చూడండి.

సామాను విషయంలో మనవాళ్ళు మాట వినరు. మా వీధిలో ఒకాయన పెళ్ళినాటి ఇనప బీరువా వదల్లేక తీసుకెళ్ళారు, అక్కడ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండో మలుపు దగ్గర అది అటూ తిరగలేదు ఇటూ తిరగలేదు, కింద నుంచి ఓనరు గోడ సున్నం పోతోందని అరుపులు, దింపిన కుర్రాళ్ళు ఇంకో వెయ్యి ఇస్తేనే ముట్టుకుంటాం అని మెట్ల మీద కూచున్నారు. వాళ్ళ బావమరిది ఫోన్లో "ఏటి బావా, ఆ ఊళ్ళో బీరువాలు దొరకవేటి" అని ఒకటే నవ్వు. చివరికి అది సెల్లార్లో ఉండిపోయింది. మంచాలు, బీరువా, టీవీ స్టాండు ఇక్కడే ఉంచండి, మళ్ళీ వచ్చినప్పుడు పనికొస్తాయి. బండి మాట్లాడితే మొత్తం రేటు దింపడంతో సహా కాగితం మీద రాయించుకోండి, సగం డబ్బు సామాను దిగాకే.

గ్యాస్ సిలిండర్ రైల్లో వేయకూడదు, నేరం, జైలు కూడా. ఇంట్లో ఎవరూ ఉండకపోతే సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగించి వోచర్ తీసుకుంటే డిపాజిట్ తిరిగిస్తారు, ఆ వోచర్ పెట్టి అక్కడ కనెక్షన్ తీసుకోవచ్చు. అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉంటే దాన్ని కదపొద్దు, మొదట్లో అక్కడ 5 కేజీల చిన్న సిలిండర్‌తో నడిపేయండి.

బైకు ఆమదాలవలస స్టేషన్ నుంచి పార్శిల్ వేసేవాళ్ళు పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆర్సీ జిరాక్సుతో వెళ్ళండి, గోనె, గడ్డి పెట్టి కట్టించండి, హెడ్‌లైటు, ట్యాంకు మీదే దెబ్బలు. ఏపీ 30 అయినా ఏపీ 39 అయినా అక్కడ 12 నెలలు దాటి ఉంచితే ఎన్‌ఓసీ తెచ్చి అక్కడి నంబరు తీసుకోవాలి, మళ్ళీ లైఫ్ ట్యాక్సు. పాత బండికి అంత పెట్టడం దండగ, అమ్మేసి వెళ్ళడమే మంచిది అని నా అభిప్రాయం.

ముహూర్తం ఒకటుంది. కాలేజీలు తెరిచేసరికి ఆషాఢం వచ్చేస్తుంది, కొన్నేళ్ళు మూఢం కూడా తోడవుతుంది, పెద్దావిడ ఒప్పుకోదు. మంచిరోజు చూసుకుని ముందే ఒకరు వెళ్ళి పాలు పొంగించి వచ్చేస్తే గొడవే ఉండదు, అయితే ఆ రోజు నుంచే ఓనరు అద్దె లెక్క మొదలెడతాడు, అది అడగండి.

వెళ్ళాక సంక్రాంతికి వచ్చే టికెట్లు మర్చిపోకండి. ఇప్పుడు రైలు బుకింగ్ 120 రోజులు కాదు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే, అంటే జనవరి 12 ప్రయాణానికి నవంబర్ 13 పొద్దున్న 8 గంటలకి తెరుస్తారు. ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్‌కోస్ట్, దేనికైనా అంతే, అయిదు నిమిషాలాగితే వెయిటింగే. తిరుగు టికెట్ కూడా అలాగే దాని 60 రోజులకి చూసుకోండి, కనుమ తర్వాత బస్సుల్లో అడిగే రేట్లు మీకు తెలిసినవే.