పాత చిన్న పికప్ ట్రక్కు: మరమ్మతులు ఏ వరుసలో, మార్పులు ఎంతవరకు

పాత పికప్ చేతికి రాగానే చాలామంది బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. మొదట చూడవలసినది బండి కింద ఉన్న చాసిస్‌ను. ఇంజిన్ పూర్తిగా పాడైనా మరొకటి తెచ్చి బిగించుకోవచ్చు గాని, చాసిస్ కుళ్లిపోయిన బండి మీద పెట్టిన ఖర్చు తిరిగి రాదు. టయోటా హైలక్స్, నిస్సాన్ డీ21, ఫోర్డ్ రేంజర్, షెవర్లే ఎస్-10 వంటి 1980, 1990 దశకాల చిన్న పికప్‌ల నిర్మాణం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. నిచ్చెన ఆకారపు చాసిస్, ముందున్న ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుకకు అందే శక్తి, కమాన్ పట్టీల మీద కూర్చున్న వెనుక యాక్సిల్, వెనుక డ్రమ్ బ్రేకులు దాదాపు అన్నింటిలోనూ కనిపిస్తాయి. అందువల్ల పని పద్ధతి ఒకటే అయినా, బోల్టుల బిగింపు, నూనె పరిమాణం వంటి కొలతలను మాత్రం ఆయా నమూనా వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

ఈ బండిలో ప్రతి భాగమూ బరువుతో ముడిపడి ఉంటుంది. ఖాళీ తొట్టితో నడిచే పికప్‌కూ, నిండు తొట్టితో నడిచే పికప్‌కూ వెనుక చక్రాల మీద భారం, బ్రేకు అవసరం, బండి ఎత్తు, షాఫ్ట్ కోణం అన్నీ వేరు. తయారీదారు ఈ రెండు స్థితులకూ సరిపడేలా ఒక రాజీ కుదిర్చాడు. మరమ్మతు అంటే ఆ రాజీని తిరిగి నిలబెట్టడం. మార్పు అంటే దాన్ని ఒకచోట కదిలించడం కనుక, మరో మూడు చోట్ల సర్దుబాటు తప్పదు.

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త అవసరం. ఈ బండ్లలో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. వెనుక చక్రాలు మాత్రమే నడిచే రకంలో గేరులో ఉంచినా ఆగేది అవే. కాబట్టి వెనుక భాగాన్ని జాకీతో ఎత్తిన క్షణం నుంచి ఈ రెండింటిలో ఏదీ బండిని ఆపదు. సమతలమైన గట్టి నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టి, తరువాత ఎత్తి, యాక్సిల్ కింద గాని చాసిస్ కింద గాని స్టాండ్లు నిలపాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే. దాని మీద ఆధారపడి కిందకు దూరకూడదు.

చాసిస్ తుప్పు

చాసిస్ పైకి బాగానే కనిపించి లోపల తినేసి ఉండవచ్చు, ఎందుకంటే పెట్టెలా మూసిన భాగాల్లో బురద చేరి తడి ఆరదు. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోతే, గట్టి ఇనుము మోగుతుంది, కుళ్లిన ఇనుము మందంగా పలుకుతుంది. వెనుక యాక్సిల్ మీదుగా చాసిస్ వంపు తిరిగే చోట, కమాన్ పట్టీల హ్యాంగర్లు అతికిన చోట, క్యాబిన్ రబ్బరు మౌంటుల కింద ప్రత్యేకంగా చూడాలి. ఈ సమస్య పేరున్న తయారీదారులనూ వదలలేదు: 1995 నుంచి 2000 వరకు వచ్చిన టకోమా పికప్‌ల చాసిస్ తుప్పుకు టయోటా సంస్థ 2008లో అమెరికాలో వారంటీని 15 ఏళ్లకు పొడిగించి, బాగా దెబ్బతిన్న బండ్లను తిరిగి కొనుక్కుంది.

పైపైన ఉన్న తుప్పును వైరు బ్రష్షుతో గీకి, మిగిలిన పలుచని పొరకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావకం పూసి, ఎపాక్సీ ప్రైమరు, ఆపై రంగు వేయాలి. లోపలి భాగాలకు పొడవాటి గొట్టంతో మైనపు ద్రవాన్ని చల్లడం మంచిది. రేకులుగా ఊడివచ్చే తుప్పు మీద ఏ ద్రావకమూ పనిచేయదు. దానికి కోత, వెల్డింగే మార్గం. అతుకు పలకను మంచి ఇనుము తగిలేవరకు సాగదీసి, దాని చివరలను నిలువుగా కాక ఏటవాలుగా కోయాలి, ఎందుకంటే చాసిస్‌కు అడ్డంగా నిలువుగా పడిన వెల్డు వద్దే తరువాత పగులు పుడుతుంది. బరువుకు చాసిస్ వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి దాని పై, కింది అంచుల మీద పడుతుంది కనుక అక్కడ కొత్త రంధ్రాలు వేయకూడదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, దగ్గరలో ఇంధన ట్యాంకు, పైపులు ఉంటే తీసివేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుమును వెల్డింగు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. కొందరు అనుభవజ్ఞులకు కూడా ఈ సంగతి తెలియకపోవడం ఆశ్చర్యమే.

బ్రేకులు

వెనుక డ్రమ్ము చాలాకాలం విప్పకపోతే హబ్బుకు అతుక్కుపోతుంది. చాలా జపాన్ బండ్ల డ్రమ్ములకు మర ఉన్న రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో సరైన బోల్టులు వేసి మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము దానంతట అదే బయటికి వస్తుంది, సుత్తి దెబ్బలు అక్కర్లేదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున దుమ్మును గాలితో ఊదకుండా తడిపి తుడవాలి. ఒక వైపు పూర్తి చేశాకే రెండవ వైపు విప్పితే, స్ప్రింగులు ఎక్కడ తగిలించాలో చూసుకోవడానికి నమూనా మిగిలి ఉంటుంది. ఒక షూ మరొక షూను నెట్టే సర్వో రకంలో పొడవైన లైనింగు ఉన్న షూ బండి వెనుక వైపుకు రావాలి.

డ్రమ్ములో తడి కనిపిస్తే అది ఏ ద్రవమో ముందు తేల్చుకోవాలి. పలుచగా ఉంటే వీల్ సిలిండర్ కారుతున్నట్టు. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే యాక్సిల్ సీల్ దాటి వచ్చిన క్రౌన్ (వెనుక యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) నూనె. రెండవ సందర్భంలో సీలు మార్చే ముందు యాక్సిల్ హౌసింగ్ మీద ఉండే బ్రీదర్‌ను (గాలి పోయే చిన్న దారిని) శుభ్రం చేయాలి. అది మట్టితో మూసుకుపోతే, నడకలో వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక సీలు గుండా నూనెను తోస్తుంది, కొత్త సీలు కూడా కొద్ది రోజులకే కారుతుంది. నూనె పీల్చిన షూలను కడిగి తిరిగి వాడకూడదు. రెండు వైపులా మార్చవలసిందే.

డాట్ 3, డాట్ 4 బ్రేకు నూనెలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి కనుక వాటి మరుగు స్థానం క్రమంగా తగ్గుతుంది. రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చడం మంచి అలవాటు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపకూడదు. తుప్పుపట్టిన బ్రేకు పైపును మధ్యలో కోసి ఒత్తిడి ఫిట్టింగుతో అతికించడం ప్రమాదకరం. పైపు మొత్తాన్ని మార్చి, చివరలకు మాన్యువల్‌లో చెప్పిన రకం ఫ్లేరు (గరాటులా విప్పిన అంచు) చేయాలి.

చాలా పికప్‌లలో చాసిస్ నుంచి వెనుక యాక్సిల్‌కు ఒక సన్నని కడ్డీ గాని స్ప్రింగు గాని తగిలి ఉంటుంది. బరువు పెరిగి తొట్టి కిందకు దిగినప్పుడు ఆ కడ్డీ కదిలి, దానికి కలిపిన వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ పీడనం పంపుతుంది. ఇది బిగుసుకుపోతే ఖాళీ బండిలో వెనుక చక్రాలు ముందే పట్టేసి బండి పక్కకు జారవచ్చు, లేదా బరువుతో ఉన్నప్పుడు వెనుక బ్రేకులు సరిగా పట్టకపోవచ్చు. కొన్నింటిలో ఈ వాల్వుకు కూడా గాలి తీసే స్క్రూ ఉంటుంది. దాన్ని మరిచిపోతే ఎన్నిసార్లు గాలి తీసినా పెడలు మెత్తగానే ఉంటుంది. వెనుక భాగాన్ని ఎత్తు చేయించినవారు దీన్ని తిరిగి సర్దకపోతే, ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందని భావిస్తూ పీడనాన్ని తగ్గించేస్తుంది.

గేర్‌బాక్స్, క్రౌన్, షాఫ్ట్

నూనె మార్చేటప్పుడు ముందు నూనె పోసే పై ప్లగ్గు విప్పాలి. కింది ప్లగ్గు తీసి నూనె వదిలేశాక పైది బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే నిలిచిపోతుంది. క్రౌన్‌కు సాధారణంగా 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న జీఎల్-5 రకం గేరు నూనె సరిపోతుంది గాని, అదే నూనెను గేర్‌బాక్స్‌లోనూ పోయకూడదు. కొన్ని జీఎల్-5 నూనెల్లోని గంధకం, ఫాస్ఫరస్ మిశ్రమాలు గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు పడవు; మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 మాత్రమే. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు కింద 'టక్'మని శబ్దం వస్తే షాఫ్ట్ క్రాసుల్లో (కొసల్లోని వంగే జాయింట్లలో) లూజు ఉందేమో చేత్తో తిప్పి చూడాలి. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజుల మీద, జారుడు జాయింటు మీద గుర్తులు గీసుకోవాలి. వేరే స్థానంలో బిగిస్తే వణుకు మొదలవుతుంది.

ఇంజిన్, కరెంటు

కార్బురేటర్‌నో ఇంజెక్టర్లనో నిందించే ముందు కంప్రెషన్ కొలవాలి. ఒక సిలిండర్ మిగిలినవాటి కంటే బాగా తక్కువ చూపితే, స్పార్కు ప్లగ్గు రంధ్రం గుండా కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే దోషం ఎక్కడో తెలుస్తుంది: రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. ఆ తరువాత ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయాలి. టయోటా 22ఆర్ ఇంజిన్‌కు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు లోపలికి తీసే వాల్వుకు 0.20 మి.మీ., బయటికి పంపే వాల్వుకు 0.30 మి.మీ. సందు ఉండాలి. ఈ ఇంజిన్ గట్టిదనే పేరున్నా దాని టైమింగ్ చైన్‌ను ఒరుసుకునే ప్లాస్టిక్ గైడ్లు కాలక్రమంలో విరుగుతాయి. అప్పుడు చైన్ ముందు కవరును కోసుకుంటూ పోయి, కూలెంటు దారిని తాకితే నీళ్లు నూనెలో కలుస్తాయి. స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమని చప్పుడు వచ్చి, కాసేపటికి తగ్గితే అలక్ష్యం చేయకూడదు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లకు హెచ్చరిక శబ్దం కూడా ఉండకపోవచ్చు. చరిత్ర తెలియని బండికి బెల్టు వెంటనే మార్చడమే క్షేమం.

పాత బండ్ల కరెంటు సమస్యల్లో చాలా భాగం ఎర్త్ తీగల దగ్గరే తేలుతాయి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా, బ్యాటరీ మైనస్ ధ్రువానికీ ఇంజిన్ లోహానికీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టులకు మించి చూపకూడదు. మించితే తీగ కొసలను, అవి తగిలే లోహాన్ని మెరిసేలా గీకి బిగించాలి. ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి చాసిస్‌కు వెళ్లే పట్టీలనూ ఇలాగే చూడాలి. హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్చు గుండా వెళ్లే పాత వైరింగులో, ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా తీగ తెచ్చి రిలేలు పెడితే అవే బల్బులు స్పష్టంగా ఎక్కువ వెలుగిస్తాయి. ఈ బండికి చేయదగిన మార్పుల్లో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే. ఖర్చు తక్కువ, మరే భాగానికీ ఇబ్బంది లేదు.

ఎత్తు, పట్టీలు, టైర్లు

వెనుక వంగిపోయిన కమాన్‌కు ఒక పట్టీ కలిపించడం అందరూ చేసే పని. దానివల్ల బండి లేస్తుంది, బరువుకు తక్కువ కుంగుతుంది. కాని మోయగల బరువు పెరిగినట్టు కాదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. పైగా ఖాళీ బండి మునుపటి కంటే గట్టిగా ఎగురుతుంది. ఎప్పుడూ సరుకు మోసే బండికి కొత్త పట్టీ సరైనదే, అప్పుడప్పుడు మాత్రమే మోసేదానికి మూల స్థితిలోని కొత్త కమాన్ వేయడం మేలు. యాక్సిల్‌ను కమాన్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి కనుక పాతవాటిని తిరిగి వాడకూడదు. కమాన్ కొసల్లోని షాకిల్, కంటి బోల్టులను బండి బరువు చక్రాల మీదకు వచ్చాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, దించినప్పుడు రబ్బరు బుష్షులు మెలితిరిగి త్వరగా చిరుగుతాయి. యాక్సిల్‌కూ కమాన్‌కూ మధ్య దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచే పద్ధతి వెనుకకే పరిమితం; ముందు యాక్సిల్‌కు ఎప్పుడూ పనికిరాదు, ఒకదానిపై ఒకటి పేర్చడం వెనుక కూడా తగదు.

ముందు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న బండ్లలో సర్దుబాటు బోల్టు తిప్పితే ముందు భాగం లేస్తుంది. ఇది కొత్త ప్రయాణ నిడివిని ఇవ్వదు. చక్రం కిందకు దిగగలిగే దూరాన్ని తగ్గించి పైకి ఇస్తుంది, అంతే. బాల్ జాయింట్ల కోణం, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు షాఫ్టుల కోణం కూడా మారి అవి త్వరగా అరుగుతాయి. కొద్దిగా మాత్రమే తిప్పి, వెంటనే అలైన్‌మెంట్ చేయించాలి. స్టీరింగులో ఆట కనిపిస్తే చాలామంది స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగిస్తారు. ముందు స్టీరింగును చక్రాలకు కలిపే ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ చివరలు చూడకుండా అలా చేస్తే అసలు దోషం దాగి బాక్సు కూడా పాడవుతుంది.

పెద్ద టైర్ల విషయంలో లెక్క వేసి చూడాలి. 205/75ఆర్14 టైరు వ్యాసం సుమారు 663 మి.మీ., 235/75ఆర్15 వ్యాసం సుమారు 733 మి.మీ. తేడా పది శాతానికి పైగా ఉంది కనుక స్పీడోమీటర్ 60 చూపేటప్పుడు బండి వేగం 66 దాటుతుంది. క్రౌన్ నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో) 4.10 అయితే అది దాదాపు 3.71 అయినట్టు ఇంజిన్‌కు భారం పెరుగుతుంది, బ్రేకులు కూడా అంతే మేర బలహీనపడతాయి. చిన్న ఇంజిన్ ఉన్న పికప్‌కు ఇది ఎత్తు రోడ్డు మీద స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు క్రౌన్ నిష్పత్తి మార్చడం గాని, టైరు కొలత తగ్గించుకోవడం గాని తప్ప మూడవ దారి లేదు.

ఎత్తు పెంచాక కొన్ని తనిఖీలు మిగిలి ఉంటాయి. యాక్సిల్ పూర్తిగా కిందకు వేలాడినప్పుడు బ్రేకు రబ్బరు పైపు బిగదీయకూడదు, షాక్ అబ్జార్బర్ అంతకంటే ముందే పూర్తిగా సాగి ఆగిపోకూడదు. రెండు క్రాసుల సాధారణ షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ చివర, క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తగిలే గేరు) దాదాపు సమాంతరంగా ఉండాలి. తేడా వస్తే కమాన్ కింద ఒక అంచు మందంగా, మరొకటి పలుచగా ఉండే పలకలతో సరిచేయాలి. చాసిస్, సస్పెన్షన్ మార్పులకు రిజిస్ట్రేషన్, బీమా నియమాలు దేశాన్ని బట్టి మారుతాయి కనుక ముందే కనుక్కోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన తరువాత యూ-బోల్టులను టార్క్ రెంచితో మళ్లీ బిగించి, బండిని చదునైన చోట గోడకు ఎదురుగా నిలిపి హెడ్‌లైట్ల గురిని తిరిగి సరిచూడాలి. వెనుక భాగం లేచి ముందు భాగం వంగితే వెలుగు దగ్గర రోడ్డు మీదే పడుతుంది; ముందు భాగం లేస్తే ఎదురు వచ్చేవారి కళ్లలో కొడుతుంది.