‘పోన్డ్’ అనే మాటను అర్థం చేసుకుని వాడే విధానం

ఆన్‌లైన్ ఆటల్లో ఎవరైనా ‘పోన్డ్’ అని రాస్తే, అవతలివారు ఓడిపోయారని మాత్రమే కాదు, తేరుకునే వీలు లేకుండా చిత్తయిపోయారని అర్థం. ఇంత తీవ్రత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే దీన్ని సరిగ్గా వాడగలం.

ముందుగా అక్షరాలను చూడండి. దీని మూలరూపమైన ‘పోన్’ను ఇంగ్లిష్‌లో పి, డబ్ల్యూ, ఎన్ అని రాసి, జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు చివర ఇ, డి చేరుస్తారు. అచ్చు లేని ఈ మూడక్షరాల మాటలో పి స్థానంలో ఓ పెట్టి చదివితే, సొంతం చేసుకోవడం అనే అర్థమున్న ‘ఓన్’ బయటపడుతుంది. కీబోర్డుపై ఓ, పి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఆట మధ్యలో హడావుడిగా టైపు చేసేటప్పుడు వేలు జారి ఈ రూపం వచ్చిందని, ఆటగాళ్లు దాన్ని దిద్దకుండా ఇష్టంగా నిలుపుకున్నారని ఎక్కువమంది అంగీకరిస్తారు. ఫలానా వ్యక్తి చేసిన పొరపాటే దీనికి మూలమని చెప్పే కథలను మాత్రం ఆధారం లేకుండా నమ్మకండి.

అసలు బలం ‘ఓన్’లోనే ఉంది. మరొకరి కంప్యూటరుపై పూర్తి అధికారం చేజిక్కించుకున్నప్పుడు హ్యాకర్లు ఈ మాట వాడేవారు. యజమాని పేరుకే యజమానిగా మిగిలిపోయే ఆ స్థితే ఆటల్లో ఘోర పరాజయానికి పేరైంది.

కంప్యూటర్ భద్రతా రంగంలో ఆ పాత అర్థం నేటికీ నిలిచి ఉంది. 2007లో వాంకూవర్‌లో మొదలైన ‘పోన్ టు ఓన్’ పోటీలో, పరికరం భద్రతను ఛేదించినవారికి ఆ పరికరమే బహుమతి. 2013లో భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ ప్రారంభించిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సైటులో, లీకైన సమాచారంలో మన ఈమెయిలు చిరునామా ఉందో లేదో చూసుకోవచ్చు. అక్కడ మీ చిరునామా కనిపిస్తే, లీకైన ఖాతాలోనూ, అదే పాస్‌వర్డు వాడిన ఇతర ఖాతాలన్నిటిలోనూ పాస్‌వర్డును వెంటనే మార్చి, పాస్‌వర్డుతో పాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి.

ఆటల్లో దీన్ని ఏకపక్ష విజయానికే, అదీ చనువున్నవారి మధ్యే వాడడం మంచిది. ఒకటి రెండు పాయింట్ల తేడాతో గెలిచినప్పుడు వాడితే మాటకు పస ఉండదు. కొత్తగా నేర్చుకుంటున్నవారి మీద ప్రయోగిస్తే అది అవమానమే అవుతుంది. తెలుగులో రాసేటప్పుడు ఆట సందర్భమైతే ‘చిత్తు చేశారు’, ‘మట్టి కరిపించారు’ చక్కగా సరిపోతాయి. ఖాతా విషయమైతే అవి పనికిరావు, ‘చొరబడి స్వాధీనం చేసుకున్నారు’ అని విడమరచి రాయాలి.