క్లచ్ పెడల్ మెత్తబడితే ఘాట్ దిగకండి

ఒడిశాలోని సెమిలిగుడ నుంచి సాలూరుకు వ్యాన్‌లో అల్లం బస్తాలు తోలుతాను. మొన్న వానల్లో పొట్టంగి దగ్గర క్లచ్ పెడల్ స్పాంజిలా దిగిపోయింది, గేరు పడేటప్పుడు కరకరమంది. ముందు సుంకి ఘాట్. బండి పక్కకు ఆపేశాను.

కేబుల్ క్లచ్ అయితే ఆయిల్ గొడవే లేదు. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ అయితే ముందు ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. మట్టం తగ్గితే బ్రేకుకూ ప్రమాదమే, అందుకే ఘాట్ దిగొద్దంటున్నాను.

తర్వాత తడి వెతకండి. పెడల్ పైభాగాన, మ్యాట్ కింద తడి ఉంటే కారేది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది. గేర్‌బాక్స్ పక్కన ఉంటే స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపేది) లేదా పైపు. అనుమానంగా ఉంటే రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. కారింది ఏ ఆయిలో తేల్చడానికి కొంచెం నీళ్లలో వేసి చూడండి: క్లచ్ ఆయిల్ కలిసిపోతుంది, ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది.

పోయాల్సింది డబ్బా మూత మీద రాసి ఉన్న బ్రేకు ఆయిల్ రకమే, డాట్ 3 లేదా డాట్ 4. ఎప్పుడో విప్పి వదిలేసిన సీసా వద్దు, అది తేమ పీల్చుకుంటుంది. ఇంజన్ ఆయిల్ అసలే వద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఆయిల్ పోసినంత మాత్రాన లీకు ఆగదు. నాకు స్లేవ్ సిలిండర్ సీల్ మార్చి, పైపులో చేరిన గాలి తీశాకే పెడల్ గట్టిపడింది. సరుకు సాలూరుకు మర్నాడు చేరింది.