పికప్‌కి ఎయిర్ బ్యాగులు - 4వ పాఠం: తెల్లారేసరికి దిగిన గాలి

ఇవి ప్రమాదంలో విచ్చుకునే బ్యాగులు కావు, వెనక కమాన్ కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) తోడుగా లోడు మోయడానికి యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య వేసే గాలి బ్యాగులు. వాటిలో లోడుకు తగ్గట్టు గాలి ఎంత పెట్టాలన్నది ఈ పాఠం. కానీ 3వ పాఠం చూసి పైపులు లాగినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు: రాత్రి నింపిన గాలి పొద్దుటికి లేదు. అది తేలకుండా ముందుకు పోయి లాభం లేదు. బ్రాకెట్ల బిగింపు, బ్యాగు చుట్టూ అరంగుళం ఖాళీ, సైలెన్సర్ పైపుకు ఆరంగుళాల దూరం సరిగ్గానే ఉన్నాయనుకుని మొదలుపెడుతున్నాను.

ముందు అది నిజంగా లీకేనా అని చూడండి. మే నెల రేణిగుంట ఎండలో, 42 డిగ్రీలప్పుడు 60 పీఎస్‌ఐ నింపి, మర్నాడు తెల్లవారుజామున 28 డిగ్రీలప్పుడు చూస్తే, గాలి చల్లబడినందుకే 3 పీఎస్‌ఐ దాకా తక్కువ కనిపిస్తుంది. గేజి పెట్టిన ప్రతిసారీ ఇంకో రెండు మూడు పోతాయి. టైరులో అంత పోయినా తెలియదు గానీ, బ్యాగులో పట్టే గాలే తక్కువ, అందుకే ముల్లు చటుక్కున దిగుతుంది. కాబట్టి 60 నింపిన బ్యాగు మర్నాడు 54 చూపిస్తే కంగారు పడకండి. గంటగంటకీ గేజి పెట్టి చూసేవాళ్లు గాలిని తామే ఖాళీ చేస్తున్నారు. 40కి పడిందంటే మాత్రం లీకే.

లీకు దాదాపు ఎప్పుడూ బ్యాగులో ఉండదు, పైపు కొసలో ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు కలపండి. బ్యాగుకు 70 పీఎస్‌ఐ నింపి, ముందు వాల్వు పిన్ను మీద, తర్వాత పుష్ ఫిట్టింగుల (పైపును నొక్కి దూర్చే జాయింట్ల) మీద, చివరగా ఫిట్టింగు మరలు (థ్రెడ్లు) బిగిసే చోట బ్రష్షుతో పూయండి. బుడగ వెంటనే రాకపోవచ్చు, ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగండి.

పుష్ ఫిట్టింగు దగ్గర బుడగ వస్తే పైపు కోత తప్పు. కటింగ్ ప్లేయరుతో కోస్తే మూతి నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది, లోపలి రబ్బరు రింగు (ఓ-రింగు) దాని చుట్టూ సరిగ్గా పట్టదు. గాలంతా వదిలి, ఫిట్టింగు మూతి దగ్గరి కాలరు లోపలికి నొక్కి పట్టుకుని పైపు లాగండి. కొసన ఫిట్టింగు లోపలి పళ్ల గాట్లు పడి ఉంటాయి, ఆ ముక్కను సెంటీమీటరున్నర తీసేయండి. పైపును చెక్క మీద పెట్టి కొత్త బ్లేడుతో నిటారుగా ఒక్క కోత కోయండి. కొస నుంచి 14 మి.మీ. దగ్గర మార్కరుతో గీత పెట్టి, ఆ గీత దాకా నొక్కండి. తర్వాత గట్టిగా వెనక్కి లాగి చూడండి. ఊడి రాకూడదు.

ఇంకో రకం లీకు మన ఊళ్లలోనే తయారవుతోంది. కిట్టుతో వచ్చే నైలాన్ పైపు చాలావాటిలో పావంగుళం, అంటే 6.35 మి.మీ. పైపు చాలకపోతే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అడిగితే 6 మి.మీ. పీయూ (పాలీయూరిథేన్) పైపు చేతిలో పెడతారు. కంటికి రెండూ ఒకటే. 6 మి.మీ. పైపు పావంగుళం ఫిట్టింగులో హాయిగా దూరుతుంది, చల్లగా ఉన్నప్పుడు నిలుస్తుంది కూడా. ఎండకు మెత్తబడ్డాక కారడం మొదలు. దీనికి సబ్బు నీళ్లు, టెఫ్లాన్ టేపు మందు కాదు. పైపు, ఫిట్టింగులు ఒకే కొలతవి వేసుకోవడమే మందు. టెఫ్లాన్ టేపు పుష్ ఫిట్టింగులోకి అసలు పోకూడదు. కిట్టులో ముందే సీలెంటు పూసి ఇచ్చిన మరలకు కూడా అక్కర్లేదు: చేత్తో బిగించి, ఆపైన స్పానరుతో ఒకటిన్నర చుట్టు.

ఇప్పుడు అసలు చిరాకు పెట్టే సంగతి. రెండు వాల్వులు, రెండు పైపులు ఎందుకని మధ్యలో టీ జాయింటు వేసి, ఒకే వాల్వుతో రెండు బ్యాగులూ నింపుతున్నారు. "రెండు వైపులా ఒకే ప్రెషరు ఉండాలి కదా" అని సమర్థింపు. ఉండనక్కర్లేదు. మనకు కావలసింది రెండు వైపులా ఒకే ఎత్తు.

భాకరాపేట ఘాట్‌లో కుడి మలుపు తీసుకుంటున్నారనుకోండి. బాడీ ఎడమకు ఒరుగుతుంది, ఎడమ బ్యాగు నలుగుతుంది. పైపులు విడిగా ఉంటే ఆ గాలికి పోయే దారి లేదు. ప్రెషరు పెరిగి, ఒరుగుడును ఆపుతుంది. టీ ఉంటే ఆ గాలి కుడి బ్యాగులోకి పోయి, అప్పటికే లేచిన కుడి వైపును ఇంకా లేపుతుంది. అంటే ఒరుగుడును ఆపాల్సిన బ్యాగే దాన్ని పెంచుతుంది. బంగారుపాళ్యంలో తోతాపురి క్రేట్లు ఎత్తుగా పేర్చుకుని మొగిలి ఘాట్ ఎక్కే బండికి ఇది ఎంత చేటో చెప్పనక్కర్లేదు. సగం నిండిన నీళ్ల ట్యాంకు అయితే ఇంకా అన్యాయం: గాలీ నీళ్లూ పరస్పరం వ్యతిరేక దిక్కులకు పోతాయి, రెండూ కలిసి బండిని ఒకే పక్కకు ఒరగదోస్తాయి. మలుపే అక్కర్లేదు, ఒక చక్రం మట్టి అంచులో దిగేలా బండి ఆపి చూడండి, కాసేపటికి ఆ వైపు ఇంకా కుంగి కనిపిస్తుంది. ఒక పైపుకు రాయి తగిలి తెగితే రెండు బ్యాగులూ ఒకేసారి పడుకుంటాయి. క్యాబిన్‌లో కంప్రెసరు పెట్టుకునేవాళ్లకూ ఇదే మాట: రెండు ముళ్ల గేజి, రెండు స్విచ్చులు ఉన్నదే కొనండి. నా మట్టుకు కంప్రెసరు లేకుండా, నంబరు ప్లేటుకు అటొకటి ఇటొకటి వాల్వులు, టైర్లకు వాడే చిన్న 12 వోల్టుల పంపు చాలు. పంచర్ షాపు కంప్రెసరుతో నింపితే క్షణం క్షణం ఆపుతూ నింపండి, మాట్లాడుతూ నొక్కి పట్టుకుంటే 100 పీఎస్‌ఐ దాటేస్తుంది. ఎక్కువ కిట్లకు అదే గరిష్ఠం. మీ బ్యాగు మీద ఇంకా తక్కువ రాసుంటే అదే మీ హద్దు.

ఇక గాలి పెట్టడం. ఖాళీ బండికి రెండు బ్యాగుల్లో 5 పీఎస్‌ఐ ఉంచి, చక్రం నడిబొడ్డు నుంచి బాడీ కింది అంచు దాకా టేపుతో కొలవండి, రెండు వైపులా. లోడు వేశాక మళ్లీ కొలవండి. తేడాయే కుంగుడు. అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేదాకా, ఒక్కో వైపు విడిగా, 5 పీఎస్‌ఐ చొప్పున పెంచండి. పూర్తిగా ఖాళీ ఎత్తుకు తేవద్దు. కారణం బ్రేకులు. చాలా పికప్‌లకు వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్‌కు ఒక సన్న రాడ్డు, దాని కొసన లోడు సెన్సింగ్ వాల్వు ఉంటాయి. ఛాసిస్ ఎంత కుంగిందో చూసి అది వెనక బ్రేకులకు ఆయిలు ప్రెషరు వదులుతుంది. గాలితో ఛాసిస్‌ను పైకెత్తేస్తే బండి ఖాళీగా ఉందనుకుని ప్రెషరు తగ్గిస్తుంది, దిగుడులో భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. ఆ రాడ్డు ఉన్న బండిని బ్యాగులు వేశాక బ్రేకు పని తెలిసిన మెకానిక్కుకు చూపించి సెట్టింగు చేయించండి. రాడ్డును తీగతో కట్టేసే తెలివి వద్దు.

లోడు దించాక గాలి మళ్లీ 5కు దించాలి. అలాగే ఉంచేస్తే ఖాళీ బండి గంతులేస్తుంది. సున్నాకు దించి నడిపితే బ్యాగు మడత పడి, రెండు ప్లేట్ల మధ్య నలిగి చిరుగుతుంది.

1.3 టన్నుల బండి బ్యాగులు వేసినా 1.3 టన్నులదే. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు మారలేదు. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

అభ్యాసం ఈసారి బరువే. 50 కిలోల సిమెంటు బస్తాలతో మూడు లోడులు: 10 బస్తాలు సమంగా, 20 బస్తాలు సమంగా, 20 బస్తాలనే ఎడమకు 12, కుడికి 8. ప్రతి లోడుకూ 20, 40, 60 పీఎస్‌ఐల దగ్గర రెండు వైపులా ఎత్తు కొలవండి. మొత్తం 18 అంకెలు. చదునైన చోట, గాలి మార్చిన ప్రతిసారీ బండిని ఒక మీటరు ముందుకూ వెనక్కూ కదిపి, ఆపాక చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి కొలవండి. లేకపోతే కమాన్ కట్టలు బిగుసుకుని తప్పు ఎత్తు చూపిస్తాయి. మూడో లోడులో రెండు వైపులూ ఒకే ఎత్తుకు రావడానికి ఏ బ్యాగుకు ఎంత పట్టిందో విడిగా రాసుకోండి. 5వ పాఠం ఆ కాగితం మీదే నడుస్తుంది.