సీఎంఏ డేటాలో షేర్లు ఏ గడిలో వేయాలి?

వ్యాపారానికి అప్పు అడిగేటప్పుడు బ్యాంకుకిచ్చే లెక్కల పట్టికలే సీఎంఏ డేటా. కంపెనీ డీమ్యాట్‌లో ఉన్న షేర్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు కదా అని వాటిని తీసుకెళ్లి కరెంట్ అసెట్స్‌లో (ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తుల్లో) పడేస్తారు చాలామంది. నేనూ మొదట్లో అదే చేశాను, విజయవాడలో ఓ బ్యాంకు వాళ్లు గుంటూరు మిర్చి కంపెనీ ఫైలు మొత్తం వెనక్కి పంపారు.

బ్యాలెన్స్ షీట్‌లో ‘కరెంట్ ఇన్వెస్ట్‌మెంట్స్’ అని ఉన్నా సరే, బ్యాంకు దాన్ని అలాగే ఒప్పుకోదు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ముఖ్యంగా 12 నెలల్లో డబ్బవుతుందా అని చూస్తుంది, బ్యాంకు మాత్రం ఆ డబ్బు మీ వ్యాపారంలో తిరుగుతోందా అని అడుగుతుంది. సీఎంఏలో బ్యాలెన్స్ షీట్ వివరాలుండే ఫారం 3 తెరవండి. కరెంట్ అసెట్స్ కింద ఇన్వెస్ట్‌మెంట్ల వరుసలో ప్రభుత్వ, ట్రస్టీ సెక్యూరిటీలు (ట్రస్టులు డబ్బు పెట్టడానికి చట్టం ఒప్పుకునేవి), బ్యాంకు ఎఫ్‌డీలు, అంతే. షేర్లు కింద అదర్ నాన్ కరెంట్ అసెట్స్‌లోకి పోవాలి, అక్కడ సబ్సిడరీలు, గ్రూపు కంపెనీలవి ఒక గడి, మిగతావి ఇంకో గడి.

దీనికింత గొడవెందుకంటే, లెక్క చూడండి. కరెంట్ అసెట్స్ 20 కోట్లు, అందులో షేర్లు 2 కోట్లు, బ్యాంకు అప్పు కాక మిగతా కరెంట్ లయబిలిటీలు (ఏడాదిలోపు కట్టాల్సినవి) 4 కోట్లు అనుకుందాం. బ్యాంకు ఎంత అప్పివ్వొచ్చో లెక్కగట్టే టాండన్ కమిటీ రెండో పద్ధతిలో 20లో 75 శాతం 15, అందులోంచి 4 తీస్తే 11 కోట్ల లిమిట్. షేర్లు తీసేస్తే 18లో 75 శాతం 13.5, లిమిట్ 9.5 కోట్లు. కోటిన్నర ఎగిరిపోయింది! పార్టీకి, అంటే అప్పు అడిగే కంపెనీకి, ఈ మాట ముందే చెప్పండి, శాంక్షన్ రోజున చెబితే టెన్షన్ మనకే.

గ్రూపు కంపెనీ షేర్లయితే ఇంకో దెబ్బ కూడా ఉంది, వాటిని చాలా బ్యాంకులు నెట్‌వర్త్‌లోంచి (యజమానుల సొంత డబ్బులోంచి) కూడా తీసేసి చూస్తాయి. కంపెనీ వ్యాపారమే షేర్ల కొనుగోలు అమ్మకాలైతే అవి సరుకు కింద లెక్క, ఆ కథ వేరు.

డివిడెండ్‌ను అమ్మకాల్లో కలపకండి, లాభనష్టాల వివరాలుండే ఫారం 2లో నాన్ ఆపరేటింగ్ ఆదాయంలో చూపించండి. ఇక వచ్చే ఏళ్ల అంచనాల్లో షేర్లు పెరిగినట్టు వేశారో, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎటు పోయిందో చూపే ఫండ్ ఫ్లోలో అది ఇట్టే కనబడుతుంది, ‘మేము సరుకు కొనడానికిచ్చిన డబ్బుతో షేర్లు కొంటున్నారా’ అని బ్యాంకు మేనేజర్ అడగక మానడు. కొనే ఆలోచన లేకపోతే పాత అంకెనే అన్నేళ్లకీ ఉంచేయండి.